పెంకు మీద పరుపు

ఆ మైదానంలో "ఉస్తాద్" అని ఎవరు కేకేసినా ఒక్క ఇక్రాముద్దీనే తల తిప్పేవాడు. ఏళ్ళ తరబడి అదే నడిచింది. ఏసోబు వచ్చిన చలికాలం నుంచి ఇద్దరు తల తిప్పడం మొదలైంది. పిలిచిన సైనికుడి చూపు తన మీద కాక పక్కవాడి మీద ఆగిందని తెలిశాక, తిప్పిన తలను మామూలుగా వెనక్కి తీసుకురావడం ఎంత కష్టమో ఇక్రాముద్దీన్‌కు అప్పుడే తెలిసింది. మెడ పట్టేసినవాడిలా ఒకసారి రుద్దుకుని, కింద ఏదో పడిపోయినట్టు వంగేవాడు.

దోహా నుంచి దక్షిణానికి పోయే రోడ్డు వదిలి సముద్రం వైపు తిరిగితే కంచె వేసిన పెద్ద మైదానం వస్తుంది. సైన్యంలో రోడ్లూ వంతెనలూ వేసే ఇంజినీరింగ్ దళం కుర్రాళ్ళు అక్కడ పని నేర్చుకుంటారు. పాఠం ఆఫీసర్లు చెబుతారు. చేతిపని నేర్పడానికి ఒక కంపెనీ మనుషులుంటారు. ఇక్రాముద్దీన్ ఆ కంపెనీ మనిషి. అతని వాటాకు వచ్చింది సబ్ఖా.

సబ్ఖా అంటే ఉప్పు నేల. పైకి తెల్లగా, గట్టిగా, వేయించిన అప్పడంలా అక్కడక్కడా పొంగి ఉంటుంది. మనిషి నడిస్తే ఏమీ కాదు. కారు పోతే ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి పోదు. లారీ ఎక్కిందంటే పైపెంకు విరిగి కింది బురదలోకి ఇరుసు దాకా దిగిపోతుంది. అలాంటి నేల మీద సైన్యం బండ్లు దాటడానికి అప్పటికప్పుడు దారి వెయ్యడం ఎలాగన్నది అక్కడి చదువు.

ఇక్రాముద్దీన్ ఆ విద్యను ఎక్కడా చదవలేదు. వాళ్ళది కోరుట్ల. తండ్రి నులక మంచాలు అల్లేవాడు. కొడుకు ఆ తాళ్ళ మధ్య పెరిగి, షట్టరింగ్ కార్పెంటర్‌గా కతర్ వచ్చి, చెక్క కొట్టి, ఇనుము వంచి, కాంక్రీటు పోసి, చివరికి ఈ మైదానానికి చేరాడు. మొదటి ఏడాది లారీలు దిగబడటం, వాటిని లాగడం చూడటంతోనే సరిపోయింది. చూసి చూసి తన దారి తాను కనిపెట్టాడు. ముందు గట్టి బట్ట పరవాలి. దాని మీద ఇనుప జాలీ, ఆపైన సగం నింపిన ఇసుక సంచులు పడుకోబెట్టి, చివరికి పలచగా కంకర చల్లాలి. అంతే. బరువు ఒక్కచోట గుచ్చుకోకుండా నాలుగువైపులా పంచుకుంటుంది. కింద పెంకు చెక్కుచెదరదు. సైనికులు దాన్ని "ఇక్రాం పరుపు" అనేవారు. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ అతను మొదట చెప్పే మాట ఒక్కటే.

"పెంకు మీద పరుపెయ్యాలె. పెంకును పలగ్గొట్టొద్దు. కంకర ఎక్కువెయ్యొద్దు. రోలర్ ఎక్కియ్యొద్దు."

దాన్ని తన గల్ఫ్ హిందీలో, చేతులు ఊపుతూ చెప్పేవాడు. ఇప్పుడు మైదానానికి పెద్దగా ఉన్న కెప్టెన్ కూడా ఒకప్పుడు కొత్త మీసాలతో ఆ మాట విన్నవాడే.

అక్కడ రెండు ఆచారాలున్నాయి. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు. దారి వేసినవాడు మొదటి లారీకి ముందు నడవాలి, లారీకి వీపు పెట్టి, వెనక్కి చూడకుండా. తన పని మీద తనకున్న నమ్మకం అలా చూపించాలన్నమాట. రెండోది, ఒకడు వేసిన దారిలో చెడిందేదైనా, వేసినవాడు నోరు తెరిచి పిలిచేదాకా ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు.

ఏసోబు చీరాల దగ్గరి మనిషి. మన సైన్యంలోనే ఇంజినీరింగ్ దళంలో హవల్దారుగా చేసి, రిటైరై, మళ్ళీ అదే పనికి ఇక్కడికి వచ్చాడు. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉంటాడు. పని చేస్తున్నంతసేపూ చర్చి పాటలు కూనిరాగం తీస్తాడు. వచ్చిన కొన్నాళ్ళకే యార్డు వెనక గుట్టగా పడున్న పాత కార్ల టైర్ల చుట్టూ తిరగడం మొదలెట్టాడు.

"ఏం వెతుకుతున్నవ్ ఏసోబూ? పాములుంటయ్ అండ్ల," అన్నాడు ఇక్రాముద్దీన్.

"పాములుంటే ఉండనీండి భాయ్. ఇంత రబ్బరు ఊరికే ఎండకి పడుందేంటా అని."

సబ్బునీళ్ళు రాస్తూ కత్తితో టైరుకున్న రెండు పక్కలూ కోసేశాడు. మిగిలింది వెడల్పాటి ఉంగరం. అలాంటి ఉంగరాలు కొన్ని బట్ట మీద పక్కపక్కన పేర్చి, కోసేసిన పక్కల నుంచే పొడుగ్గా పట్టీలు తీసి, ఆ పట్టీలతోనే ఒకదానికొకటి కట్టాడు. ఉంగరాల్లో ఇసుక నింపాడు. ఇసుక ఎటూ జారిపోదు. ఇనుప జాలీ లేదు కాబట్టి ఉప్పుకు తుప్పు పట్టే బాధా లేదు. పని అయ్యాక చుట్టి లారీలో వేసుకుని ఇంకోచోటికి పోవచ్చు.

ఇక్రాముద్దీన్ పక్కన నిలబడి అంతా చూశాడు. అది మంచి పని. ఎంత మంచి పనో ఆ మైదానంలో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అదే వచ్చిన చిక్కు. పనికిమాలినదైతే నవ్వి, భుజం తట్టి, టీ తాగించేవాడు.

"బాగనే ఉంది గని," అన్నాడు చివరికి, "టైమ్ ఎక్కువ పడ్తది."

"అలవాటైతే తగ్గుద్దిలే భాయ్," అన్నాడు ఏసోబు, తల ఎత్తకుండానే.

కుర్రాళ్ళు ఆ నల్ల ఉంగరాల చుట్టూ మూగి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఇక్రాం పరుపును ఎవరూ ఎన్నడూ ఫొటో తియ్యలేదు. సంచులను ఎవరు ఫొటో తీస్తారు?

ఆ రోజు నుంచి ఇక్రాముద్దీన్‌కు ఏసోబు చేసే ప్రతి పనీ కంట్లో నలుసైంది. అతను కుర్రాళ్ళతో కలిసి కింద కూర్చుని తింటే, మంచితనం చూపించుకుంటున్నాడు అనిపించేది. వేరేగా కూర్చుంటే, పొగరు. పాట పాడితే తన చెవుల కోసమే పాడుతున్నట్టుండేది, పాడకపోతే ఏదో కొత్త ఉపాయం ఆలోచిస్తున్నాడనిపించేది. ఒక్క లోపం మాత్రం ఇక్రాముద్దీన్‌కు దొరికింది. పొద్దున బిగించిన రబ్బరు పట్టీలు మధ్యాహ్నం ఎండకు కాస్త వదులయ్యేవి. ముడులు జారేవి. ఏసోబు సాయంత్రం ఒకసారి మళ్ళీ బిగించుకునేవాడు. దానికి మందేమిటో ఇక్రాముద్దీన్ చేతులకు తెలుసు. నోరు మాత్రం విప్పలేదు. తీపి దాచుకున్నట్టు దాన్ని దాచుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ శుక్రవారం ఒక ఎత్తు.

టిప్పర్ నడిపే నిసార్ అహ్మద్‌ది బోధన్. ఎవరింట్లో ఏం వండారో వాసన పట్టే మనిషి. ఆ శుక్రవారం తనంతట తాను భోజనానికి వస్తూ ఏసోబును కూడా వెంటబెట్టుకుని అల్ ముంతజాలో ఇక్రాముద్దీన్ ఉండే ఫ్లాటుకు వచ్చేశాడు. ఇక్రాముద్దీన్ భార్య ఖమర్ సుల్తానా బగారా అన్నం, దాల్చా చేసింది. ఏసోబు రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"వదినగారూ, మా మిలటరీ మెస్సులో ఇరవై ఏళ్ళు తిన్న తిండంతా ఈ దాల్చాకి సరిపోదండి," అన్నాడు.

ఖమర్ ముఖం విప్పారింది. చేతులు కడుక్కోవడానికి ఏసోబు వంటింటి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. ఎంత తిప్పినా చుక్క చుక్క కారుతూనే ఉంది. జేబులోంచి చిన్న కత్తి, రబ్బరు ముక్క తీశాడు. ఆ ముక్క టైరుదే. గుండ్రంగా కోసి, కొళాయి విప్పి, లోపల పెట్టి బిగించాడు. కారడం ఆగిపోయింది.

ఆ కొళాయిని రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా అని ఇక్రాముద్దీన్ ఎన్ని నెలలుగా చెబుతున్నాడో ఖమర్‌కు బాగా గుర్తు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె కొళాయి తిప్పింది, కట్టింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ కట్టింది.

"చాలు తియ్," అన్నాడు ఇక్రాముద్దీన్.

"చూస్తున్నా జీ. ఎంత చక్కగ ఆగింది!"

ఇంట్లో వాళ్ళు దక్కనీ మాట్లాడుకుంటారు. ఖమర్‌కు మొగుణ్ణి ఏడిపించాలనిపిస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. "మంచి మనిషి. నిమ్మళంగ మాట్లాడుతడు. తిన్న పళ్ళెం తనే తీసిండు. కొందరు ఉంటరు, గ్లాసు కూడ జరుపరు."

"అయితే ఆయన్నే పిలుచుకో రోజూ."

"పిలుస్త. ఇంకా గీజర్ ఉంది."

ఇక్రాముద్దీన్ చెప్పులేసుకుని కిందికి పోయి, ఏమీ కొనకుండానే కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడి వచ్చాడు.

చలికాలం చివర వానలు పడ్డాయి. సబ్ఖా బాగా నానింది. కెప్టెన్ ఇద్దరినీ పిలిచి మైదానం మధ్య నిలబెట్టాడు.

"కోర్సు మారుతోంది. ఉప్పు నేల మీద రెండు పద్ధతులు నేర్పే టైమ్ లేదు. ఒక్కటే ఉంటుంది," అన్నాడు. "పక్కపక్కనే చెరొక దారి వెయ్యండి. నిసార్ నిండు టిప్పర్ ఎక్కిస్తాడు. నిలిచినదే పాఠం. వేసినవాడే ఉస్తాద్. రెండోవాడు అతని కింద చేస్తాడు. సమ్మతమేనా?"

ఇద్దరూ సమ్మతమన్నారు. తనకు పని నేర్పిన మనిషి ముఖంలోకి కెప్టెన్ ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. ఇక్రాముద్దీన్ అది గమనించి, జాలి పడుతున్నాడనుకున్నాడు. దాంతో ఒళ్ళింకా మండింది.

పని మొదలైంది. ఇక్రాముద్దీన్ తనకిచ్చిన సైనికులతో బట్ట పరిపించాడు, జాలీ వేయించాడు, సంచులు పడుకోబెట్టించాడు, పలచగా కంకర చల్లించాడు. ఎప్పటిలాగే వచ్చింది. ఏళ్ళుగా లారీలు మోసిన పరుపే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

కాని పక్కనే ఏసోబు దారి తయారవుతోంది. నల్లటి ఉంగరాలు, వాటి నిండా తెల్లటి ఇసుక, గీత గీసినట్టు వరసలు. దాని పక్కన తన పరుపు ఎగుడుదిగుడుగా, ఎవరో మూటలు పారేసిపోయినట్టు కనబడింది. ఇన్నేళ్ళలో తన పని అందంగా ఉందా లేదా అని అతను ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ రోజు చూశాడు.

"ఇంకొక ట్రిప్పు కంకర తీస్కరా," అన్నాడు నిసార్‌తో.

"ఎందుకు భాయ్? నువ్వే కద ఎక్కువొద్దంటవ్?"

"తెమ్మంటే తే. యల్లా, జల్ది."

నిసార్ తెచ్చాడు. రెండో పొర కంకర పడింది. ఎగుడుదిగుడులు పూడాయి, కాని ఇంకా నున్నగా లేదు. యార్డులో చిన్న రోలర్ ఉంది, అదిరిస్తూ నేలను అణిచే రకం. ఆ సాయంత్రం అందరూ బస్సుల వైపు వెళుతుంటే ఇక్రాముద్దీన్ రోలర్ తానే ఎక్కి, పరుపు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపాడు. దిగి చూస్తే దారి నిజంగా బాగుంది. బల్లలా ఉంది. ఫొటో తీసుకునేంత బాగుంది. చేతులు నడుము మీద పెట్టుకుని తృప్తిగా నిలబడ్డాడు.

ఏసోబు తన సామాను సర్దుకుని అటు వచ్చాడు. దారి అంచున కూర్చుని కంకర పక్కనున్న నేల మీద వేలు పెట్టి చూశాడు.

"భాయ్, అంచున చెమ్మ ఊరుతోందండీ."

"వానలు పడ్డయ్. చెమ్మ ఉండదా?"

"అది కాదు. రోలర్ ఎక్కించారు కదా. పెంకు గాని…"

"నీ టైర్ల సంగతి నువ్వు చూస్కో ఏసోబూ," అన్నాడు ఇక్రాముద్దీన్. "నా పెంకు సంగతి నాకెర్కలేదా? నువ్వు వచ్చి నాకు నేర్పుతవా?"

ఏసోబు లేచి వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. సామాను భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఇంటికి పోయేదాకా ఇక్రాముద్దీన్ ఆ మాటనే నమిలాడు. భయపెట్టడానికి అన్నాడు, అనుకున్నాడు. తన దారి ఇంత నున్నగా వచ్చేసరికి ఓర్వలేక అన్నాడు. ఆ ఆలోచన ఎంతో హాయిగా అనిపించింది. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకే రోజైనా, ఇంకొకడి దారి మీదైనా అతను దూరం నుంచే చెప్పేసేవాడు.

మర్నాడు పొద్దున సైనికులంతా రెండు వరసల్లో నిలబడ్డారు. మొదట ఏసోబు దారి. టిప్పర్ ముందు నిలబడి, లారీకి వీపు పెట్టి, ఏసోబు నడక మొదలెట్టాడు. చేతులు ఊపుకుంటూ, పాట కూడా మానలేదు. టిప్పర్ ఎక్కగానే ఉంగరాలు కీచుమన్నాయి, ఇసుక కుదురుకుంది. బండి ఆ చివరికి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. పక్కల్లో కొన్ని ముడులు జారాయి. దారి మాత్రం దిగలేదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

తరవాత ఇక్రాముద్దీన్ వంతు. అతను టోపీ సరిచేసుకుని టిప్పర్‌కు వీపు పెట్టాడు. నడిచాడు.

మంచి పరుపు మీద లారీ ఎక్కితే కంకర కరకరమంటుంది. ఏళ్ళుగా వీపుతో విన్న చప్పుడు అది. నిద్రలో వినిపించినా గుర్తుపడతాడు. ఇప్పుడు మొదట కరకరమంది. సగం దారి వచ్చేసరికి ఆ చప్పుడు మారింది. తడి బట్టను బండ మీద కొట్టినట్టు మెత్తగా, బరువుగా వినిపించింది. అరికాళ్ళ కింద నేల చిన్నగా ఊగింది.

అతనికి అర్థమైంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా విరిగిందో మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. రోలర్ అదురుకు పెంకు బీటలిచ్చింది. కింది నీళ్ళు పైకి వచ్చాయి. పైనున్న రెండో కంకర పొర బరువు దానికి తోడైంది. ఏసోబు వేలితో చూపించినదే.

చెయ్యెత్తితే నిసార్ ఆపేస్తాడు. చెయ్యెత్తితే ఓడిపోయినట్టే, అందరి ముందూ, ఏసోబు చూస్తుండగా. ఎత్తకపోతే ఏమో, దాటిపోతుందేమో. అవతలి గట్టు కనబడుతూనే ఉంది. ఇక్రాముద్దీన్ ఇంకా కొన్ని అడుగులు వేశాడు. ఆ అడుగులు అతను వెయ్యలేదు, అతని కుళ్ళు వేసింది. వెనక నిసార్ నిండు బండితో వస్తున్నాడు. బండి ఒరిగితే మొదట నలిగేది క్యాబిన్.

చెయ్యెత్తాడు. వెనక్కి కూడా తిరిగాడు. ఆ మైదానంలో అలా తిరిగినవాడు లేడు.

నిసార్ బ్రేకు తొక్కాడు. ఆగిన బండి వెనక చక్రం తొందరేమీ లేకుండా, కుర్చీలో కూర్చున్నట్టు, కంకరలోకి దిగింది. బురద ఇరుసు దాకా వచ్చింది. టిప్పర్ ఒక పక్కకు వంగి అక్కడ ఆగింది. నిసార్ ఎత్తువైపు తలుపు తెరిచి, ముందు టీ ఫ్లాస్కు బయటికి అందించి, తరవాత తను దిగాడు.

"ఫ్లాస్కు నిండుగుందన్నా, ఒలికిపోతదని," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కెప్టెన్ దగ్గరికి వచ్చి కంకరను బూటుతో కదిపి చూశాడు. దాని మీద రోలర్ గీతలు ఇంకా కనబడుతున్నాయి.

"రోలర్ ఎవరు ఎక్కించారు?"

"నేనే."

"ఎందుకు?"

నున్నగా కనబడాలని. ఇక్రాముద్దీన్ చూపు పక్క దారిలోని నల్ల ఉంగరాల మీదికి పోయింది.

"ఎక్కించొద్దని నాకు నేర్పింది నువ్వే కదా ఉస్తాద్," అన్నాడు కెప్టెన్. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బండి మెల్లగా ఇంకా దిగుతోంది. సైనికులు కదల్లేదు. ఏసోబు కూడా కదల్లేదు. చుట్టిన టైర్ల వరస ఒకటి అతని కాళ్ళ దగ్గరే ఉంది, పార చేతిలోనే ఉంది. వేసినవాడు పిలవాలి. ఆచారం ఆచారమే. ఏసోబు ఇటు కాకుండా ఎటో దూరంగా చూస్తున్నాడు, పిలవడానికి సందు ఇస్తున్నట్టు. ఆ మర్యాద కూడా ఇక్రాముద్దీన్‌కు గుచ్చుకుంది. పళ్ళు ఇకిలించి చూసి ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"ఏసోబూ!" అన్నాడు. తల ఎత్తి, అందరికీ వినబడేలా మళ్ళీ అన్నాడు. "ఏసోబూ, టైర్లు తీస్కరా."

ఏసోబు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బురద తవ్వారు. ఇక్రాముద్దీన్ ఎక్కడ తవ్వాలో చూపించాడు, ఏసోబు ఉంగరాల వరసను చక్రం కిందికి తోశాడు. ఇద్దరి మధ్య పనికి సరిపడా మాటలే.

"ఇటు. ఇంక లోపలికి."

"చాలా భాయ్?"

"చాలు. నిసార్‌ను ఎక్కమను."

బండి ఊగి, ఉంగరాలను పట్టుకుని బయటికొచ్చింది. అలా ఆ ఉదయం ఏసోబు టైర్లు రెండుసార్లు గెలిచాయి.

ఆ రోజు ఖమర్ అతని బట్టల నిండా ఎండిన తెల్ల బురద చూసింది. ఏమైందని అడిగింది. అతను చెప్పాడు, రోలర్ సంగతితో సహా. ఆమె అతని చొక్కా మీది బురదను గోటితో గీకి చూసింది.

"అందంగ ఉండాల్నని రోలర్ ఎక్కించినవా?" అంది. "పెండ్లయిన కాడికెళ్ళి చూస్తున్న, చొక్కాకు గుండీలు సరిగ పెట్టుకోవు. నీకు గిప్పుడే అందం గుర్తొచ్చిందా?"

ఆ మాటకు అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. కొళాయి మాట ఎత్తలేదు.

తరవాతి వారం కొత్త బ్యాచ్ వచ్చింది. ఏసోబు ముందు నిలబడి టైరు కోయడం చూపించాడు. ఇక్రాముద్దీన్ వరస చివర పట్టీలు కట్టే పనిలో కూర్చున్నాడు. అతనికి ఇచ్చిన పని అదే. కుర్రాళ్ళు అటు వైపే "ఉస్తాద్, ఉస్తాద్" అంటున్నారు. అతను తల తిప్పడం మానేశాడు. లోపల మాత్రం ఆ పిలుపు పడిన ప్రతిసారీ ఏదో ఒకటి మెలిపడుతూనే ఉంది. ఓడిపోయినవాడికి కుళ్ళు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది అక్కడే ఉంటుంది, చేతికేదో ఒక పని అడుగుతూ.

అతని చేతిలో రబ్బరు పట్టీ ఉంది. ఏసోబు చూపించిన ముడి వేశాడు. బాగానే ఉంది, కాని మధ్యాహ్నానికి వదులవుతుంది. అది అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. ముడి విప్పేశాడు. పక్కన పడున్న గుడారం మేకు ఒకటి అందుకున్నాడు. పట్టీని ఉంగరాల గోడలకు రెండు చుట్లు తిప్పి, మధ్యలో మేకు దూర్చి మెలిపెట్టాడు. రబ్బరు మూలిగేదాకా తిప్పాడు. కొసను దాని చుట్టు కిందికే తోసి, మేకు లాగేశాడు. నులక మంచం కాళ్ళవైపు తాడు బిగించేటప్పుడు అతని తండ్రి చేసిన పని అది. మంచం మీద మనిషి బరువు పడేకొద్దీ ఆ తాడు ఇంకా బిగుస్తుందే తప్ప జారదు. ఒకటి కట్టాడు. ఇంకొకటి కట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ఒక వరస మొత్తం కట్టేశాడు.

ఎండ ముదిరింది. ఏసోబు రోజూ చేసినట్టే ముడులు తడుముకుంటూ వచ్చాడు. జారినవి బిగిస్తూ, బిగిస్తూ, ఇక్రాముద్దీన్ కట్టిన వరస దగ్గర ఆగాడు. వేలు దూర్చబోయాడు. దూరలేదు. రెండు చేతులతో లాగాడు. కదల్లేదు. కూనిరాగం ఆగిపోయింది.

"ఇదేంటి భాయ్, ఎలా కట్టారు?"

"ఇప్పి చూడు."

ఏసోబు గోళ్ళతో ప్రయత్నించాడు. కత్తి మొనతో కొస పైకి లేపబోయాడు. ఈలోగా నలుగురైదుగురు సైనికులు వచ్చి చుట్టూ వంగారు. వాళ్ళలో ఒకడు ఫోను తీసి ఆ ముడిని ఫొటో తీశాడు.

"ఉస్తాద్," అన్నాడు ఇక్రాముద్దీన్ వైపు చూసి, "మళ్ళీ ఒకసారి, మెల్లగా చూపించు."

ఇక్రాముద్దీన్ మెల్లగా చూపించాడు. అవసరమైనదానికంటే కాస్త మెల్లగానే చూపించాడు. రెండు చుట్లు, మేకు, మెలి, కొస కిందికి. కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి చూశారు. ఏసోబు వాళ్ళ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని పెదవులు బిగుసుకున్నాయి. కళ్ళు ఆ ముడి మీదే ఉన్నాయి. అలా చూసే కళ్ళను ఇక్రాముద్దీన్ ఈ చలికాలమంతా రోజూ గడ్డం గీసుకునే అద్దంలో చూశాడు.

"బానే ఉంది కానీ," అన్నాడు ఏసోబు గొంతు సవరించుకుని, "టైమ్ ఎక్కువ పడుద్ది."

ఇక్రాముద్దీన్ మేకును అతని చేతిలో పెట్టి, తన పక్కన కూర్చోవడానికి కాస్త జరిగాడు.

"అలవాటైతే తగ్గుతది తియ్," అన్నాడు.